తట్టి నింపిన గిన్నె

ఆగస్టు 29

నాకేం బాధ లేదు. ఆ ముక్క ముందే రాసి పెడుతున్నాను.

ఇంటికొచ్చి వారం దాటింది. నాయన ఊళ్ళో అందరికీ మా కామాక్షికి సెలవులు అని చెబుతున్నాడు. ఆగస్టులో జూనియర్ కాలేజీకి సెలవులేమిటని ఒక్కరూ అడగడం లేదు. అడిగితే బాగుండు, నేనే చెప్పేదాన్ని. ఫిజిక్స్ ల్యాబ్‌లో బల్లలన్నీ తీసేసి హాస్టల్ పిల్లలకు రెండంతస్తుల మంచాలు వేశారు. తనిఖీకి మనుషులు వస్తున్నారు, పిల్లలు ప్రయోగాలన్నీ చేశారని రికార్డుల మీద సంతకాలు పెట్టమన్నారు. వోల్టుమీటరు మొహం చూడని పిల్లలు! పెట్టనన్నాను. అయితే దయచేయండి మేడం అన్నారు. దయచేశాను. ఇందులో నేను తల దించుకోవాల్సింది ఏముంది?

అమ్మ ఏమీ అడగదు. పొద్దున్నే పెసరట్టు వేసి పెట్టి, ఇంకోటి వెయ్యనా అంటుంది. ఆ జాలి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. రెండోది కూడా తింటున్నాను, అది వేరే సంగతి.

చివరి క్లాసు కెపాసిటర్ల మీద. రెండు లోహపు పలకలు ఎదురెదురుగా, మధ్య ఖాళీ. బ్యాటరీ తగిలిస్తే ఒక పలక మీద ధనం, రెండో దాని మీద రుణం. బ్యాటరీ పీకేసినా ఆ చార్జి ఎక్కడికీ పోదు. వెనక బెంచీలో ఒక పిల్ల లేచి, పోదని మనకెలా తెలుసు మేడం అంది. చూపిద్దామంటే ల్యాబ్ లేదు. పుస్తకంలో ఉంది కాబట్టి పోదు అన్నాను. పాడు సమాధానం.

ఆగస్టు 31

కోత మిషను వచ్చింది. మా మూడెకరాలు గంటల్లో అయిపోయాయి. ఎడగారు, అంటే ఎండాకాలంలో వేసే రెండో పంట, బాగా పండింది, ఆ మాట దిష్టి తగులుతుందని అమ్మ పైకి అననివ్వదు. రొయ్యల గుంటల పక్కన తారు రోడ్డు మీద ఊరి వడ్లన్నీ పరిచి ఉన్నాయి. సముద్రపు గాలి, గుంటల్లో నీళ్ళు చిలికే చక్రాలు తిరిగే చప్పుడు. నాయన గొడుగు పట్టుకుని కాపలా. కుక్కల్ని నేను తోలుతున్నాను.

సెప్టెంబరు 2

మిల్లు తరఫున వడ్లు కొనే నరేంద్రబాబు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, పెద్ద మోటారు సైకిలు, మెత్తని మాట. సంచిలోంచి తేమ మిషను తీసి స్టూలు మీద పెట్టాడు. టిఫిను క్యారియరంత పెట్టె, దాని పైన గిన్నెలా ఒక గుంట. గుంటలో వడ్లు పోసి మీట నొక్కితే తేమ ఎంత శాతమో అంకె పడుతుంది. పదిహేడు దాటితే మిల్లు తీసుకోదు. తీసుకున్నా తేమ పేరు చెప్పి తూకంలో బాగా తరుగు కోస్తుంది.

ఇతన్ని ఊరు మెచ్చుకునేది ఒక్కందుకు. గిన్నెను తాను ముట్టుకోడు. మీ వడ్లు మీ చెయ్యి, మీరే పొయ్యండి, రేపు నన్ను అనబాకండి అంటాడు. ఇంకే దళారీ ఇంత మర్యాద చెయ్యడని నాయన ఎప్పుడూ చెబుతాడు.

మా తాత కళ్ళాల్లో వడ్లు కొలిచేవాడు. మొదటి కుంచానికి ఒకటి అనరు, లాభం అంటారు. రెండో దాని నుంచే లెక్క. కుంచం నింపి, పక్కన రెండు తట్లు తట్టి, దిగిన చోట మళ్ళీ పోసి, పైన శిగలా కుప్ప నిలబెట్టి ఇచ్చేవాడట. ఆయన కొలిచినది ఇంటికి తీసుకెళ్ళి మళ్ళీ కొలుచుకున్నవాడు లేడట. ఆ చెయ్యి నాయనకు వచ్చింది. ఇప్పుడు కుంచాలు ఎక్కడున్నాయి, అన్నీ కాటాలే. అయినా మిషను ముందు కూర్చుని దోసిలి ఎత్తగానే నాయన లాభం అన్నాడు. పోశాడు, తట్టాడు, మళ్ళీ పోశాడు, అరచేత్తో అదిమాడు, శిగ పెట్టాడు. చూడముచ్చటగా ఉంది. ఊళ్ళో మిగతావాళ్ళూ అలాగే పోస్తారు గానీ ఆ వాటం ఎవరికీ రాదు.

మీట నొక్కితే పంతొమ్మిదిన్నర.

నాయన గింజ ఒకటి పంటి కింద పెట్టి కొరికాడు. పటుక్కుమన్న చప్పుడు నాకు కూడా వినబడింది. ఎండినాయి అబ్బయా అన్నాడు. నేనేం చేసేది పెద్దాయనా, మిషను చెప్తా ఉండాది గదా అన్నాడు నరేంద్రబాబు. ఇంకో రెండు మూడు రోజులు ఆరబెట్టమన్నాడు. లేదంటే తరుగుకు ఒప్పుకుంటే ఇప్పుడే లారీ పిలుస్తాడట. నాయన ఒప్పుకోలేదు.

వాన వస్తే ఏమవుతుందో ఎవరూ అనలేదు. పోయినేడు రోడ్డు మీదే మొలకలొచ్చిన కుప్పలు నేనూ చూశాను. ఈ వైపు ఇంకో మిల్లు లారీ రాదు.

సెప్టెంబరు 3

ఎండ బాగా కాసింది. రోజంతా కాళ్ళతో వడ్లు తిరగేశాను. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. హాయిగా ఉంది.

కాలేజీ నుంచి ఫోను రాలేదు. రావాలని నేనేం చూడటం లేదు.

సెప్టెంబరు 5

ఈ రోజు ఏం రోజో నాకు గుర్తు లేదు. పిల్లలు పంపిన మెసేజీలు తెరవలేదు. ఇరవై మూడు ఉన్నాయి.

సెప్టెంబరు 6

మళ్ళీ వచ్చాడు. మళ్ళీ లాభం, మళ్ళీ తట్లు, మళ్ళీ శిగ. పద్దెనిమిదీ పాయింటు ఎనిమిది. అంత ఎండకు పెనం మీద పేలాల్లా అయిన గింజలు!

పక్క చేను కౌలుకు చేసే మాలకొండమ్మకు పద్దెనిమిదిన్నర పడింది. ఆమెకు ఆగే ఓపిక లేదు, సగం పంట తరుగుకు ఇచ్చేసింది. ఇస్తూ నరేంద్రబాబును తిట్టిన తిట్లు ఈ పుస్తకంలో రాయకూడదు. అతను నవ్వుతూ నిలబడి, నేను ముట్టుకున్నానా అక్కా, నీ చేత్తో నువ్వే గదా పోసినావు అన్నాడు.

మిషనులో ఏదో మోసం ఉందని నాకు తోచింది. చూస్తానన్నాను. చూడండి మేడం, మీరు ఫిజిక్స్ గదా అని చేతికే ఇచ్చేశాడు. ఈ మర్యాద నాకు అసలు నచ్చలేదు. తిప్పి తిప్పి చూశాను. పెట్టె నాకు తెలియనిదేం కాదు. గుంట గోడ ఒక పలక, మధ్యలో నిలబడ్డ ఇత్తడి కడ్డీ రెండో పలక. చదునుగా ఉండాల్సిన పలకలు చుట్టుకుని ఉన్నాయి, అంతే తేడా. రెంటి మధ్య ఖాళీ. ఆ ఖాళీలో ఏం పడితే దాన్ని బట్టి కెపాసిటెన్స్, అంటే చార్జి పట్టే శక్తి, మారుతుంది. గాలికి ఒకటి అనుకుంటే ఎండిన గింజకు మూడో నాలుగో, నీళ్ళకు ఎనభై. అందుకని గింజ కడుపులో రవ్వంత తడి దాక్కున్నా అంకె ఎగబాకుతుంది. పదేళ్ళు బోర్డు మీద రాసిన వస్తువు చొక్కా తొడుక్కుని మా రోడ్డు మీదకు వచ్చి కూర్చుంది.

తప్పు ఒక్కటీ కనబడలేదు. నాలుగు బ్యాటరీలు, ఒక గుంట. తిరిగి ఇచ్చేశాను. సరిపోయిందా మేడం అన్నాడు. ఆ నవ్వు గుర్తుపెట్టుకుంటాను.

సెప్టెంబరు 7

తోటపల్లి గూడూరు వెళ్ళాను. రొయ్యల గుంటల్లో కాలిన మోటార్లకు మళ్ళీ తీగ చుట్టే మస్తాన్ అన్న షాపు. ఆయన దగ్గర చుట్టిన మోటార్లను వార్నిషు పోసి ఆరబెట్టే వేడి పెట్టె ఉంది. మా వడ్లు కొన్ని అమ్మ మిక్సీలో పొడి చేసి తీసుకెళ్ళాను. పక్కన బంగారు కొట్టులో తూచి, వేడి పెట్టెలో పెట్టించాను. రేపు మళ్ళీ తూస్తే ఎంత నీరు పోయిందో తెలుస్తుంది. దీనికి మించిన సాక్ష్యం ఏ మిషనూ చెప్పలేదు.

కెపాసిటర్లు కొలిచే మీటరు కూడా అడిగాను. ఎందుకమ్మా అన్నాడు మస్తాన్ అన్న. కోపం వచ్చింది, అందుకని అన్నాను. తీసుకుపో, తిరిగి తేవడం మరిచిపోబాక అన్నాడు. మంచి మనిషి.

సెప్టెంబరు 8

పదహారుకు కాస్త పైన!

బంగారు కాటా చెప్పింది. మా వడ్లు ఎండాయి. నాయన పన్ను చెప్పింది నిజం. నరేంద్రబాబు మిషను రెండున్నర ఎక్కువ చెబుతోంది. ఎందుకు చెబుతోందో మాత్రం తెలియదు.

ఎండలోంచి తీసిన వేడి గింజలు కాబట్టేమో అనుకున్నాను. కానీ మిషనులో వేడికి సర్దుకునే ఏర్పాటు ఉంది, నేను చూశాను. ఉప్పుగాలి అనుకున్నాను. ఉప్పు అయితే గాలిలో ఉన్నకొద్దీ అంకె పెరగాలి, ఇది దిగుతోంది కదా.

సరే, నా మిషను నేనే చేస్తాను. బిస్కట్ల డబ్బా కోసి రెండు చదరపు రేకులు తీశాను. మధ్య నాలుగు మూలలా చెక్క ముక్కలు. మస్తాన్ అన్న మీటరు తీగలు రెంటికీ తగిలించాను. ఖాళీగా ఉంటే పద్దెనిమిది పికోఫారడ్లు. చెక్క ముక్కలు సన్నవి పెట్టి రేకుల్ని దగ్గరకు జరిపితే అంకె పెరిగింది. పై రేకును పక్కకు లాగి ఎదురెదురు వైశాల్యం తగ్గిస్తే అంకె తగ్గింది. పుస్తకం ఎలా చెప్పిందో అలాగే. అవును, అలాగే! పదేళ్ళు పాఠం చెప్పి ఈ రోజు మొదటిసారి ఆ సూత్రం నా వేళ్ళ కింద కదలడం చూశాను. గట్టిగా నవ్వాను. అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, పిచ్చి గాని పట్టలేదు కదా అన్నట్టు మొహం పెట్టి వెళ్ళింది.

రేకుల్ని నిలబెట్టి, పై వైపు వదిలి చుట్టూ అట్ట అంటించి వడ్లు పోశాను. అరవై ఆరు. తీసేసి అదే కుప్పలోంచి మళ్ళీ నిండా పోశాను. డెబ్బై నాలుగు. మళ్ళీ. డెబ్బై తొమ్మిది. గింజలు అవే, తడి అదే, రేకులు అవే. మీటరు చెడిపోయిందని మస్తాన్ అన్నను మనసులో తిట్టాను. ఆ మంచి మనిషి అన్న మాట నిన్నటి రోజుకే.

సెప్టెంబరు 9

ఎంత మొద్దును!

అమ్మ బొంబాయి రవ్వ డబ్బాలో పోస్తోంది. నిండింది. డబ్బాను గట్టు మీద రెండుసార్లు తట్టింది, రవ్వ అంగుళం దిగింది, మిగిలిన పొట్లం కూడా ఒంపేసింది. నా చేతిలో కాఫీ గ్లాసు. అలాగే చూస్తూ ఉండిపోయాను.

మధ్య ఖాళీలో ఉన్నది గింజలే కాదు, గింజల మధ్య గాలి కూడా. తడితే గాలి పోతుంది, ఆ చోటులో ఇంకో గుప్పెడు గింజలు కూర్చుంటాయి. గింజలు ఎక్కువైతే వాటిలో నీరూ ఎక్కువే. పలకల మధ్య నీరు పెరిగినట్టే లెక్క. మిషను పాపం తూకం వేసుకునే రకం కాదు. ఎన్ని గింజలు పోశారో దానికి తెలియదు. వదులుగా, చేతిలోంచి జారినట్టు పోసిన గింజలతో దాన్ని తయారుచేసిన వాళ్ళు అంకెలు దిద్ది ఉంటారు. మనం తట్టి, అదిమి, శిగ పెట్టి ఇస్తే, ఓహో ఇంత తడా అనుకుంటుంది.

నిన్న నేను కూడా తట్టాను. అట్ట పెట్టెను ప్రతిసారీ ముందటిసారి కంటే బాగా సర్దాలని ఇంకో తట్టు ఎక్కువ తట్టాను. ఫిజిక్స్ మేడం చెయ్యి కూడా ఈ ఊరి చెయ్యే.

ఇప్పుడు అర్థమైంది నరేంద్రబాబు ఎందుకు ముట్టుకోడో. ముట్టుకోనక్కర్లేదు. నిండుగా కొలిచి ఇవ్వకపోతే పరువు పోయినట్టు అనుకునే మనుషులం మేము. మా పరువే మా మీద అంకె పెంచుతోంది. ఇది మోసం అని కోర్టులో కూడా నిరూపించలేం. వదిలిపెడతాననుకుంటే పొరపాటు.

సెప్టెంబరు 10

ఎక్కడ మొదలుపెట్టను?

నాయనను కూర్చోబెట్టి చూపించాను. రేకులు, ఖాళీ, మీటరు. ఈ రెండూ తాకవు నాయనా, మధ్యలో ఏముందో దాన్ని బట్టి ఎంత చార్జి నిలుస్తుందో మారుతుంది అన్నాను. శ్రద్ధగా విన్నాడు. వదులుగా పోసి అంకె చూపించాను. తట్టి మళ్ళీ పోసి చూపించాను. అర్థమైంది. నాయనకు అర్థం కాకపోవడమనేది లేదు, ఆరో తరగతిలో బడి మానేశాడు గానీ లెక్కల్లో నాకంటే చురుకు.

అర్థమయ్యాకే కోపం వచ్చింది.

"అయితే నలుగురి ముందర వెలితిగా పొయ్యమంటావు," అన్నాడు.

వెలితి కాదు, అది వడ్లు ఎన్ని ఉన్నాయో కొలవదు, ఎంత తడిగా ఉన్నాయో చూస్తుంది, కొలిచేది తర్వాత కాటా కదా అన్నాను. రెండుసార్లు చెప్పాను. మూడోసారి గొంతు పెరిగింది. నాదే.

"మా నాయన చేతి కింద ఒక్క మానిక తగ్గిందని ఎవురూ అనలా. నేను ఈ వయసులో గిన్నెలో గాలి పోసి అంకె తక్కువ పడేటట్టు చేసేదా? వాళ్ళు నిన్ను పెట్టమన్న సంతకానికీ దీనికీ తేడా ఏంది?"

మీటరు ఆపేశాను.

అంటే నాయనకు తెలుసు. అమ్మ చెప్పి ఉంటుంది. తెలిసే ఊరికి సెలవులని చెబుతున్నాడు. తెలిసి, నేను చేసింది సరే అనుకుని కూడా సెలవులంటున్నాడా, లేక సిగ్గుతో అంటున్నాడా? అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. ఆ రేకుల్ని మీటరుతో సహా విసిరికొట్టాను. తర్వాత ఏరుకున్నాను, మీటరు మస్తాన్ అన్నది కాబట్టి.

తేడా ఉంది. నేను లేనిది ఉందని రాయనన్నాను. ఇక్కడ ఉన్నది ఉన్నట్టు చూపించమంటున్నాను. ఈ ముక్క అప్పుడే నోట్లోంచి వస్తే ఎంత బాగుండేది! ఎప్పుడూ ఇంతే, గొడవ అయిపోయాక నేను మహా వక్తను.

సెప్టెంబరు 11

నాయన రోడ్డుకు ఈ చివర కాపలా. నేను ఆ చివర. తూర్పున మబ్బు.

సెప్టెంబరు 12

మబ్బు నల్లబడుతోంది. రోడ్డు మీద వడ్లన్నీ పోగులు చేసి పట్టలు కప్పారు. నరేంద్రబాబు రేపు ఒక్కసారి వస్తాడట, ఆ తర్వాత నాయుడుపేట వైపు పోతాడట. రేపు పదిహేడు లోపు అంకె పడకపోతే తరుగుకు ఇవ్వడమో, మొలకలు చూస్తూ కూర్చోవడమో.

మధ్యాహ్నం మాలకొండమ్మ వచ్చింది. రేకుల సంగతి అమ్మ ఆమెకు చెప్పిందట. అమ్మ నోట్లో ఏదీ ఆగదని మొదటిసారి సంతోషించాను. అరుగు మీద కూర్చోబెట్టి చూపించాను. వదులుగా పోస్తే ఇదీ, తడితే ఇదీ. ఆమె తనే ఒకసారి తట్టి అంకె చూసింది.

"నా చేత్తో నేనే తరుగు కోసుకున్నానా కామాక్షమ్మా," అంది.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నాకు నేర్పించు అంది. నేర్పడానికి ఏముంది, గుప్పిట్లోంచి మెల్లగా జారవిడవడం, పైన మిగిలినది వేలితో పక్కకు తోసెయ్యడం. తట్టకూడదు. అదే ఆమెకు కష్టమైంది. పోయడం అవగానే ఎడమ చెయ్యి దానంతట అది గిన్నె పక్కకు వెళుతుంది. నాలుగుసార్లు చేతి మీద కొట్టాను. వరసకు పెద్దమ్మ అవుతుంది, అయినా కొట్టాను. నవ్వింది.

నాయన వాకిట్లో పట్టకు తాడు ముడివేస్తున్నాడు. ఒక్క ముడి అంతసేపు వెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు.

బతిమాలను. నాకు అవసరం లేదు. ఆ వడ్లు ఆయనవి, ఆ చెయ్యి ఆయనది.

(రాసి అరగంట అయింది. అవసరమే. ఆ వడ్లు తడిస్తే నేను ఓర్చుకోలేను.)

సెప్టెంబరు 13

వడ్లు తరుగు లేకుండా లారీ ఎక్కాయి. ఆఖరి బస్తా ఎక్కాక చినుకులు మొదలయ్యాయి. ఇది ముందు రాసేశాను, ఇక నిదానంగా మిగతాది రాస్తాను.

నరేంద్రబాబు పొద్దున్నే వచ్చాడు. రోడ్డు మీద పది మంది దాకా చేరారు. మాలకొండమ్మ ముందు నిలబడింది. గుప్పిట్లోంచి జారవిడిచింది, వేలితో తోసేసింది, చేతులు రెండూ వీపు వెనక కట్టేసుకుంది. మీట ఆమే నొక్కింది. పదహారూ పాయింటు నాలుగు.

నరేంద్రబాబు మొహం మారడం నేను చూశాను. ఒక్క క్షణమే. ఇంకోసారి చూద్దాం అక్కా, నిండుగా పొయ్యి, ఏం తొందర అంటూ వేలితో గిన్నె అంచు మీద టకటకా కొట్టాడు. వడ్లు దిగాయి.

మీరు ముట్టుకోనన్నారు కదా అన్నాను.

వెనక ఎవరో నవ్వారు. అతను చెయ్యి తీసేశాడు. నేను ఆగలేదు. మా దగ్గర కొన్న వడ్లు మిల్లులో దించేటప్పుడు కూడా మీరు ఇలాగే తట్టి పోస్తారా అని అడిగాను. అతను ఫోను తీసి చూసుకున్నాడు. నా గొంతు నాకే వినబడుతోంది, క్లాసులో వెనక బెంచీ దాకా వెళ్ళే గొంతు. పలకల సంగతి, గాలి సంగతి, రవ్వ డబ్బా సంగతి అందరికీ చెప్పాను. రవ్వ డబ్బా అనగానే ఆడవాళ్ళకు అర్థమైంది. మగవాళ్ళకు వాళ్ళు చెప్పారు.

అప్పుడు నరేంద్రబాబు మెత్తగానే అన్నాడు:

"మేడం, మీరు పాఠం బాగా చెప్తారు. సెలవులైపోతే పోతారు. రేపు మిల్లుతో యవ్వారం చేసుకోవాల్సింది వీళ్ళు. మీ వడ్లు మీ నాయన పొయ్యాల గాని మీరు పొయ్యగూడదు, పొలం ఆయనది. పెద్దాయన చెయ్యి ఎట్టాంటిదో ఊరికంతా తెలుసు. ఆయన్నే పొయ్యమనండి."

ఎంత తెలివి! నాయనకు ఉన్న మంచిపేరునే నాయన ముందు పెట్టాడు. అందరూ నాయన వంక చూశారు. నాయన పట్ట తీసి, వంగి దోసిలి నింపుకుని వచ్చాడు. స్టూలు ముందు కూర్చున్నాడు. లాభం అంటాడనుకున్నాను. అయిపోయింది అనుకున్నాను. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది, నాయన మీద కాదు, అందరి మీదా.

నాయన దోసిలి గిన్నె మీదకు తీసుకెళ్ళి ఆపాడు. గింజలు వేళ్ళ సందుల్లోంచి రాలుతున్నాయి. తర్వాత లేచి నిలబడ్డాడు.

"సెలవులు లేవు, ఏం లేవు," అన్నాడు. "నా కూతురు ఉద్యోగం వదిలేసి వచ్చినాది. అబద్ధం సంతకం పెట్టమంటే పెట్టలా. సిగ్గుపడి సెలవులని చెప్పింది నేను. సిగ్గుపడాల్సింది అది కాదు, నేను."

మాలకొండమ్మ వీపు వెనక చేతులు విప్పేసింది.

"నాది కొలిచే చెయ్యి. ఇది కొలిచే పని కాదంట, చెప్తే నిన్నటిదాకా ఎక్కలా నాకు. ఈ పంట నా కూతురిది. ఆమె ఇక్కడే ఉంటాది. ఆమే పోస్తాది. నీకు ఇష్టమైతే కొను, లేకపోతే బండి తిప్పుకో."

నరేంద్రబాబు అందరి మొహాలూ చూసి స్టూలు నా వైపు జరిపాడు. నాయన దోసిలి నా చేతుల్లోకి ఒంపాడు. అరచేతులు వేడిగా ఉన్నాయి. స్టూలు ముందు నేను కూర్చున్నాను. గుప్పిట్లోంచి జారవిడిచాను. సగం గిన్నెలో, సగం స్టూలు మీద. నాయన ఆ మాటలు అన్నాడని ఇంకా నమ్మకం కుదరడం లేదు. గిన్నె నిండింది. అంకె ఒకటీ గుర్తులేదు, సూత్రం ఒకటీ గుర్తులేదు, నా ఎడమ చెయ్యి దానంతట అదే లేచి గిన్నె పక్కకు వెళ్ళింది.

నాయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"తట్టబాకమ్మా," అన్నాడు.

చెయ్యి తీసేసి మీట నొక్కాను.